తేనెటీగ వేషము కట్టిన ఈగ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్ల పండుగనాడు నాలుగు మాటలు చెప్పుమని నన్ను పిలిచినపుడు, గ్రంథాలయ చరిత్రను గూర్చియో, విద్య యొక్క ఆవశ్యకతను గూర్చియో చెప్పవలసియుండునని తలచితిని. ఆ విషయములను నాకంటె బాగుగ ఎరిగిన పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు. కనుక నేను ఒక ఈగను గూర్చి చెప్పెదను. నవ్వుచున్నారు, నవ్వవచ్చును. కాని ఆ ఈగ మన గ్రంథాలయపు గోడమీద ఆరేండ్లు తప్పుడు పేరుతో వ్రేలాడినది. ఆ తప్పు నాది. దానిని పట్టుకొన్నది ఏడవ తరగతి చదువుచుండిన ఒక బాలిక. ఆ కథ ఈ పండుగనాడు చెప్పదగినదే యని నా నమ్మకము.

ముందుగా ఒక మాటను విచారింతము. మన నారాయణఖేడు ప్రాంతము అనేక భాషల కూడలి. 1956 నవంబరు 1 వరకు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాలో ఉండెను. ఆనాడు మెదకు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. అందుచేత మన సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ అన్నియు వినబడును. మనము తేనెటీగ యందుము. అనగా తేనె ఈగ. కన్నడమువారు జేనునొణ యందురు. నొణ యనగా ఈగ. మరాఠీవారి మధమాశీలోని మాశీ యన్నను ఈగయే. ఉర్దూవారి శహద్ కీ మక్ఖీలోని మక్ఖీయు ఈగయే. నాలుగు భాషలవారు ఏకమై దానిని ఈగయని తీర్మానించినారు. కాని ప్రాణిశాస్త్రమువారు ఈ తీర్మానమును ఒప్పుకొనరు. తేనెటీగ ఈగ కాదు. అది చీమకును కందిరీగకును చుట్టము. నిజమైన ఈగ వేరొకటి తేనెటీగ వేషము కట్టుకొని మన చేలలో తిరుగుచున్నది. దానికి మాత్రము మన వాడుకలో పేరు లేదు. ఆంగ్లములో దానిని హోవర్ ఫ్లై యందురు. గాలిలో కదలక నిలువగలదు గనుక ఆ పేరు వచ్చినది. పూలమీదనే బ్రతుకును గనుక మనము నేడు దానిని పూల ఈగ యని పిలుచుకొందము.

ఇక నా తప్పు. నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. ఉద్యోగములో ఉన్నపుడే చిన్న కెమెరా ఒకటి కొంటిని. ఒక మాఘమాసపు ఉదయమున చేనిగట్టున కుసుమ పూవుమీద వ్రాలిన తేనెటీగను ఫోటో తీసితిని. తీసినవాటిలో అదియే బాగుగ వచ్చినది. పెద్దది చేయించి, పటము కట్టించి, ‘తేనెటీగ — రైతు మిత్రము’ అని అడుగున అందముగ వ్రాసి గ్రంథాలయమునకు ఇచ్చితిని. పత్రికలు చదువు బల్లకు ఎదుటనే దానిని తగిలించినారు. వచ్చినవారెల్లరు మెచ్చుకొనిరి. నాకు గర్వమే కలిగినది.

ఆరేండ్లకు ఒక సాయంకాలము ఒక బాలిక కీటకములను గూర్చిన పుస్తకమును తిరిగి ఇచ్చుటకు వచ్చినది. పటము ఎదుట చాలసేపు నిలిచి నన్ను అడిగినది: “సార్, తేనెటీగకు నాలుగు రెక్కలని పుస్తకంలో ఉన్నది. ఇందులో రెండే కనబడుతున్నవి, ఎందుకు?” నేను పత్రిక నుండి తల ఎత్తకయే, “వెనుక రెక్కలు ముందు రెక్కల క్రింద దాగియుండునమ్మా” అని చెప్పితిని. ఆ మాట పూర్తిగ అబద్ధము కాదు. తేనెటీగ వెనుక రెక్కల అంచున సూక్ష్మమైన కొక్కెములుండి ముందు రెక్కలను పట్టుకొనును. అందుచేత నాలుగును రెండుగ కనబడుట కద్దు. బాలిక ఇంకను ఏదో అడుగబోయి, నా ముఖము చూచి మానుకొని వెళ్ళిపోయినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పిన సమాధానము పుస్తకములోనిదే. కాని నేను పటమును చూచి చెప్పలేదు. మరునాడు గ్రంథాలయము తెరువగనే భూతద్దముతో పటము ముందు నిలిచితిని. తేనెటీగ మీసములు పొడవుగ, నడుమ మోచేయివలె వంగియుండును. నా పటములోని ప్రాణి మీసములు రెండు మెంతిగింజలవలె పొట్టిగ, ఒక్కొక్క వెండ్రుకతో ఉన్నవి. తేనెటీగ కన్నులు తలకు ఇరుప్రక్కల కోలగ నుండును. దీని తల యంతయు కన్నులే, వాటినిండ చుక్కలు. పుప్పొడి మోసెడి పనికత్తె తేనెటీగ వెనుకకాలు వెడల్పై దానికి పసుపుముద్ద అంటుకొనియుండును. దీని కాలు సన్ననిది, ముద్ద లేదు. నడుము చిక్కలేదు. రెక్కలు వీపుమీద మడువక ఇరుప్రక్కలకు చాచియున్నవి. రెక్కల మొదట గుండుసూది తలవంటి చిన్నకాడ ఒకటి తెల్లగ కనబడుచున్నది. ఈగ జాతికి వెనుక రెక్కలు ఉండవు. అవి తరతరములుగా కుదించుకొనిపోయి, ఎగురునపుడు తూకము నిలుపు ఈ కాడలైనవి. ఆరేండ్లుగ ఊరివారందరికి నేను ఈగను చూపి తేనెటీగ యని చెప్పుచుంటిని.

పటము దింపివేయుదమా యని ఒక క్షణము తోచినది. దింపిన తప్పు పోవును గాని, తెలిసినది మిగులదు. అందుచేత పాత అక్షరములను అట్లే ఉంచి, వానిమీద ఒక గీత గీచి, క్రింద ‘ఇది తేనెటీగ కాదు; తేనెటీగను పోలిన ఈగ. రెక్కలు రెండే’ అని వ్రాసితిని. బాలికకు చెప్పవలెనని తండాకు వెళ్ళితిని. ఇల్లు తాళము వేసియున్నది. చెఱకు కోతకై తల్లిదండ్రులు వలస వెళ్ళుచు ఆమెను వెంట గొనిపోయినారు. ఈ ప్రాంతపు కుటుంబములకు ఇది క్రొత్త కాదు, మీరందరు ఎరిగినదే. నాలుగు నెలలు నేను ఆ తాళమును గుర్తు చేసికొనుచు బాధపడితిని. సరియైన ప్రశ్న అడిగిన పిల్లకు తప్పు సమాధానమిచ్చి పంపితిని గదా!

వేసవిలో వారు తిరిగివచ్చిరి. బాలిక గ్రంథాలయమునకు వచ్చి, నేను నోరు విప్పకముందే పటము క్రింది క్రొత్త వ్రాత చదివికొన్నది. “అమ్మా, నీవే సరి; నాదే తప్పు” అంటిని. ఆమె సంతోషించునని తలచితిని. ఆమె మరల అడిగినది: “మరి దీని పేరేమి సార్? తేనెటీగ కాదని రాసినారు గాని, ఏమిటో రాయలేదు.” ఆ ప్రశ్న నన్ను చేలలోనికి పంపినది. నేడు చెప్పుచున్నదంతయు ఆ తరువాత నేర్చుకొన్నదే.

పూల ఈగల కుటుంబమునకు శాస్త్రములో సిర్ఫిడే యని పేరు. ప్రపంచమున ఆరువేల జాతులు, భారతదేశమున మూడు వందలకు పైగా జాతులు గుర్తింపబడినవి. వానిలో తేనెటీగను పోలిన పెద్దవి మన ప్రాంతమున ముఖ్యముగ రెండు తెగలు కనబడును. ఎరిస్టాలినస్ తెగవారికి కన్నులమీద చుక్కలో చారలో ఉండును. రొమ్ముమీద బూడిదరంగు పట్టెలుండును. నా పటములోనిది ఆ తెగదే. ఫైటోమియా తెగవారు ఇంకను బలిసి, వెడల్పుగ, గోధుమవన్నెలో నుందురు. ఈ దేశపు పూల ఈగలను ఒక గ్రంథములో క్రోడీకరించినవాడు ఎన్రికో బ్రునెట్టి. ఆ గ్రంథము 1923లో వెలువడినది. అతడు వృత్తిచేత విశ్వవిద్యాలయ పండితుడు కాడు. వాద్యమును నమ్ముకొని బ్రతికిన సంగీతకారుడు. కలకత్తాలో ఏండ్లతరబడి నివసించి, తన వృత్తి చేసికొనుచునే ఈగల శాస్త్రమునకు పెద్ద పునాది వేసినాడు. ఇది విన్నపుడు నాకు ధైర్యము కలిగినది. వాద్యకారుడు చేయగలిగినపుడు విశ్రాంత ఉపాధ్యాయుడు చేయలేడా? వ్యవసాయదారుడు చేయలేడా?

ఇక వానిని చూచుట ఎట్లో, ఫోటో తీయుట ఎట్లో చెప్పెదను. మొదట స్థలము. పూల ఈగకు పొడవైన తొండము లేదు. కనుక లోతైన పూవులకంటె విప్పారిన చిన్నపూవుల గుత్తులే దానికి ప్రీతి. వర్షములు వెనుకబడిన దినములలో రేగు పూత, శీతకాలమున కొత్తిమీర పూతయు విత్తనమునకు విడిచిన ఉల్లి పూతయు, పుష్య మాఘములలో మామిడి పూత, గట్లమీద ఏడాది పొడవునను గడ్డిచేమంతి — ఇవి దాని విడుదులు. సమయము ఉదయము. ఎండ చురుక్కుమనక ముందు ఒడలు కాచుకొనుటకు ఆకులమీద కూర్చుండును. అప్పుడు దాని రక్తము ఇంకను చల్లగ నుండును గనుక తొందరపడి లేచిపోదు.

మొదటి కార్తికములో నేను వాగు దగ్గరి రేగు చెట్టుకు పోయితిని. ఆ దినము అరువది ఫోటోలు తీసితిని. ఇంటికి వచ్చి చూడగ యాబదింట ఖాళీ ఆకాశమే ఉన్నది. మిగిలిన పదింట ఏదో నల్లని గీత. పూల ఈగ సెకనుకు నూరుమారులకు పైగా రెక్క లాడించును. అది గాలిలో నిలిచినది గదా యని మనము మీట నొక్కులోపల జానెడు ప్రక్కకు జరిగియుండును. రెండవ దినము కెమెరా సంచిలో నుంచి, ఊరక కూర్చుండి చూచితిని. అపుడు దాని నడత తెలిసినది. మగది ఒక చోటును తన పాలెముగ చేసికొని, అక్కడనే గాలిలో నిలుచును. మరియొక ఈగ వచ్చినచో తరిమికొట్టి, మరల సరిగ ఆ చోటికే వచ్చి నిలుచును. మన ఊరి కావలికాడు తిరిగి తిరిగి తన అరుగుమీదికే వచ్చినట్లు! కనుక ఈగ వెంట కెమెరాను త్రిప్పుట వెఱ్ఱితనము. అది తిరిగివచ్చు చోటున కెమెరాను సిద్ధపరచి వేచియుండవలెను. మూడవ దినము అట్లే చేసి, ఇరువది ఫోటోలలో నాలుగింట గెలిచితిని.

తరువాతి సూత్రములు ఇవి. మన నీడ దానిమీద పడరాదు. నీడ పడినంతనే అది పోవును. నిలువుగ నడిచి పోరాదు. వంగి, మెల్లగ, ఆగి ఆగి పోవలెను. మొదటి ఫోటో దూరమునుండియే తీయవలెను. అది ఎగిరిపోయినను సాక్ష్యము మిగులును. పిదప ఒక్కొక్క అడుగు దగ్గరకు జరుగవలెను. తెర తెరచియుండు కాలమును సెకనులో వెయ్యవ వంతునకు తగ్గింపవలెను. అప్పటికిని రెక్కలు కొంత మసకగ నుండవచ్చును. శరీరము మాత్రము స్పష్టముగ వచ్చును. కన్నులు స్పష్టముగ నున్నచో తక్కినది కొంత మసకబారినను ఫరవాలేదు. జాతిని గుర్తించుటకు ఒక ఫోటో చాలదు. పైనుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి, ముఖమునకు ఎదురుగ ఒకటి కావలెను. ముఖమున మరియొక విశేషము తెలియును. మగదాని రెండు కన్నులు నడినెత్తిన ఒకదానినొకటి తాకియుండును. ఆడుదానికి నడుమ సందు ఉండును. నేడు మీ జేబులలోని ఫోనులతోనే ఈ పని చాలవరకు సాగును. ఖరీదైన కెమెరా లేదని ఎవరును వెనుకాడ నక్కరలేదు.

ఒక హెచ్చరిక కూడ. ఇది ఈగయే, దీనికి ముల్లు లేదు, అరచేత పట్టుకొనవచ్చును. కాని ఈగయో తేనెటీగయో నిశ్చయము కానంతవరకు చేయి చాపరాదు. చెట్టుకో కొండచరియకో పెద్దపెర పెట్టిన కొండ తేనెటీగల దగ్గరకు ఫోటోకొరకు పోవనే రాదు. అవి రేగినచో ప్రాణాపాయము.

చూడగ చూడగ నాకు మరియొక సందేహము కలిగినది. ఇన్ని ఈగలు ఎక్కడ పుట్టుచున్నవి? తేనెపట్టు లేదు, పుట్ట లేదు. జవాబు మా పెరటిలోనే దొరికినది. పశువుల కొట్టము ప్రక్కన పెండనీళ్ళు నిలిచిన గుంటలో, తెల్లని పురుగులు పొడవైన తోకతో కదలుచుండును. చిన్ననాటనుండి చూచి ముక్కు మూసికొని పోయినవే. ఆ తోక తోక కాదు, ఊపిరిగొట్టము. ఆ మురుగునీటిలో ప్రాణవాయువు ఉండదు. పురుగు అడుగున కుళ్ళిన పదార్థమును తినుచు, తన శరీరముకంటె ఎన్నో రెట్లు పొడవు సాగు గొట్టమును నీటిపైకి పంపి గాలి పీల్చును. ఆంగ్లములో దానిని ఎలుకతోక పురుగు అందురు. గాజు సీసాలో ఆ నీటినే పోసి మూడు పురుగులను పెంచితిని. వాసనకు ఇంటివారు సీసాను గోడ అవతలికి పంపినారు. పెరిగిన పురుగు నీరు విడిచి పైకి ప్రాకి, నేను పెట్టిన పొడిమట్టిలో దూరి గూడు కట్టినది. పది దినములకు గూడు మూత ఊడినది. తడిసిన రెక్కలతో ఒక ఈగ వెలుపలికి వచ్చి, గడియసేపు ఆరి, ‘జుమ్’ మని ఎగిరి కొత్తిమీర పూవుమీద వ్రాలినది. ప్రక్కయింటి పెద్దాయన అది చూచి కేక వేసినారు: “సారూ, పెండలకెళ్ళి తేనెటీగ పుట్టింది సూడుండ్రి!”

ఆ కేక చాల పాతది. రెండువేల ఏండ్ల క్రిందట యూరపు ఖండమున పండితులును అట్లే నమ్మినారు. చంపిన కోడె కళేబరమునుండి తేనెటీగలు పుట్టునని గ్రీకులును రోమనులును తలచినారు. క్రీస్తు పూర్వము 29 ప్రాంతమున రోమను మహాకవి వర్జిల్ వ్యవసాయమును గూర్చి రచించిన ‘జార్జిక్స్’ కావ్యపు నాల్గవ సర్గములో ఆ విధానమునంతయు వర్ణించినాడు. బైబిలులో న్యాయాధిపతుల గ్రంథమున సంసోను చంపిన సింహపు కళేబరములో తేనెటీగలు కనబడినట్లు ఉన్నది. వీనికి కారణము పూల ఈగయే యని వివరించినవాడు ఓస్టెన్ సాకెన్ అను రష్యా దేశస్థుడు. ఆతడును వృత్తిచేత దౌత్యోద్యోగి. కుళ్ళు ద్రవములో ఎలుకతోక పురుగు పెరిగి, తేనెటీగవంటి ఈగ యగుటను చూచి ప్రాచీనులు భ్రమపడినారని 1894లో ఒక గ్రంథము ప్రకటించినాడు. ఆ ఈగ పేరు ఎరిస్టాలిస్ టెనాక్స్. తేనెటీగలలోని పోతుటీగను పోలియున్నది గనుక ఆంగ్లేయులు దానిని డ్రోన్ ఫ్లై యందురు. మన ఎరిస్టాలినస్‌కు అది దగ్గరి జ్ఞాతి.

వారిని చూచి మనము నవ్వనక్కరలేదు. మనకు భ్రమరకీటక న్యాయమున్నది. భ్రమరము ఒక పురుగును తెచ్చి మట్టిగూటిలో నుంచి ఝంకారము చేయగ, ఆ పురుగు భ్రమరమునే ధ్యానించి తుదకు భ్రమరమగునని మన పెద్దలు చెప్పినారు. ఏకాగ్రతకు ఉపమానముగ ఆ మాట నేటికిని గొప్పదే. కాని గూటిని విప్పి చూచినవారికి తెలిసినది వేరు. మట్టిగూడు కట్టు కందిరీగ తన పిల్లకు ఆహారముగ పురుగును తెచ్చి పెట్టును. పురుగును తిని పెరిగిన పిల్లయే వెలుపలికి వచ్చును. వర్జిల్‌ కాలపువారును, మనవారును, నా పొరుగువారును, నేనును చేసిన తప్పు ఒక్కటియే. మొదలు చూచినాము, చివర చూచినాము; నడుమ ఓపికతో చూడలేదు.

ఈ ఈగ వేషమెందుకు కట్టినది? మన ఊళ్ళకు వచ్చు పగటివేషగాడు పోలీసు వేషము కట్టినచో, తెలియనివారు జడియుదురు గదా! ఇంగ్లీషువాడైన హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాను అడవులలో పదునొకండేండ్లు తిరిగి, సీతాకోకచిలుకలలో ఇట్టి వేషములను గుర్తించి 1862లో ప్రకటించినాడు. రుచిలేని ప్రాణిని, ముల్లున్న ప్రాణిని పక్షులు ఒకమారు రుచిచూచి, ఆ రూపమును జ్ఞాపకముంచుకొని మరల ముట్టవు. ఆ రూపమునకు కొంత దగ్గరగ నున్న సాధుప్రాణి కూడ ఆ భయముచేత బ్రతికిపోవును. బ్రతికినదే పిల్లలను కనును. తరతరములకు పోలిక హెచ్చును. ఈగ తలచి చేసినది కాదు. తినువాని కన్నులే ఆ వేషమును దిద్దినవి. 1962లో అమెరికాలో జేన్ బ్రోవర్, లింకన్ బ్రోవర్ అను దంపతులు గోదురు కప్పలతో దీనిని పరీక్షించినారు. తేనెటీగను మ్రింగబోయి కుట్టించుకొన్న కప్పలు ఆపైన ఈ ఈగలను ఇచ్చినను చాలవరకు ముట్టలేదు. తేనెటీగ రుచి ఎరుగని కప్పలు అవే ఈగలను సుఖముగ భుజించినవి. మనము అర్థము తెలియక వ్రాసినదానిని ‘మక్కికి మక్కి’ యందుము. ఈ మక్కి మాత్రము తేనెటీగకు వ్రాసిన నకలుతోనే ప్రాణము నిలుపుకొనుచున్నది. అర్థము తెలియక నకలు వ్రాసినవాడను నేను.

రైతు సోదరులారా, ఇంతవరకు వినోదము. ఇక మీ పొలమునకు సంబంధించిన మాట. పూల ఈగ తేనె త్రాగును, పుప్పొడి తినును. తిరుగునపుడు ఒంటికి అంటిన పుప్పొడిని పూవునుండి పూవునకు చేర్చును. మామిడి పూతకు తేనెటీగలకంటె ఈగజాతులు చేయు సేవయే తరచుగ హెచ్చని చూచినవారు చెప్పుచున్నారు. ఉల్లి, కొత్తిమీర విత్తనమునకును వీని సేవ గలదు. పెద్దవాని పిల్లలు మురుగును తిని శుభ్రపరచగ, ఈ కుటుంబములోని చిన్నవాని పిల్లలు మరియొక మేలు చేయును. కుసుమ, జొన్న, కూరగాయలమీద పేనుబంక పట్టినపుడు, ఆకుపచ్చని జలగవంటి చిన్నపురుగు ఆ బంక నడుమ ప్రాకుచు పేలను ఒక్కొక్కటిగ పీల్చి పారవేయును. అది పూల ఈగ పిల్ల. దానిని చూచి చేనిలో పురుగు పడినదని మందు కొట్టిన రైతులున్నారు. మా చేనిలోనే నేను ఒకప్పుడు కొట్టించితిని. శత్రువును, శత్రువును తినువానిని ఒక్కసారిగ చంపితిమి. పేనుబంక మరల వేగముగ వచ్చినది. దానిని తినునది మాత్రము త్వరగ రాలేదు.

మందు కొట్టవలదని నేను చెప్పజాలను. పంట మీది, అప్పు మీది. చేయగలిగినవి మూడు చెప్పెదను. కొట్టుటకు ముందు పది మొక్కలను దగ్గరగ చూడుడు. బంకను తినువారు అచ్చట ఉన్నచో రెండు మూడు దినములు ఆగుడు. పూత విప్పియున్నపుడు కొట్టక తప్పనిచో ఉదయము విడిచి, తేనెటీగలును పూల ఈగలును పూవులను వదలిన సాయంకాలము కొట్టుడు. గట్టున రెండు సాళ్ళు కొత్తిమీర చల్లి పూతకు విడువుడు. అది వీనికి అన్నసత్రము. పెంటగుంటలోని ఎలుకతోక పురుగులను చూచి ఫినాయిలు పోయకుడు; అవి కరువవు. అట్లని ఇంటి చుట్టు నీరు నిలువ నీయుడని నేను అనుట లేదు. మంచినీటి తొట్లలో, పగిలిన కుండలలో దోమలు పెరుగును; వానిని వారమునకొకసారి బోర్లించవలసినదే.

తుదకు గ్రంథాలయమునకు ఒక విన్నపము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడిన నాటినుండి మన ప్రాంతమున గ్రంథాలయము వ్రాసినదానిని చదువు చోటుగ మాత్రమే కాక, తెలియనిదానిని తెలిసికొను చోటుగ కూడ ఉన్నది. మన గ్రంథాలయములో ఒక లావుపాటి నోటుపుస్తకమును ప్రత్యేకముగ ఉంచుడు. ఎవరైనను పూల ఈగనో తేనెటీగనో చూచినపుడు తేది, వేళ, చోటు, పూవు పేరు, చూచినవారి పేరు వ్రాయవలెను. ఫోటో ఉన్నచో అంటింపవలెను. 2008 నుండి నడచుచున్న ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికలకు ఆ ఫోటోలను పంపినచో, ఎరిగినవారు జాతిని గుర్తించి చెప్పుదురు. ఒక్క సంవత్సరపు వ్రాతలు పెద్దగ ఏమియు తెలుపవు. కాని పదేండ్లకు, ఏ పూత ఎప్పుడు వచ్చినది, ఏ ఈగ తగ్గినది, ఏ ఏట రానేలేదు అన్నది మన ఊరికే సొంతమైన గ్రంథమగును. అట్టి గ్రంథమును వ్రాయగలవారు మనూరువారే. దానిని ఏ అంగడిలోను కొనలేము.

ఆ పుస్తకములో ఒక నిబంధన ఉండవలెను. తప్పు వ్రాసినచో కాగితము చింపరాదు. ఒక గీత గీచి, ప్రక్కన సరియైనది వ్రాసి, దిద్దినవారి పేరు కూడ వ్రాయవలెను. గోడమీది నా పటము అట్లే ఉన్నది. సభ ముగిసిన పిదప చూడుడు. బాలిక రెండవసారి అడిగిన ప్రశ్నకు జవాబుగ మూడవ పంక్తి కూడ ఇపుడు వ్రాసియున్నాను: ‘పూల ఈగ. ఎరిస్టాలినస్ తెగ.’ ఇంకను ఏ జాతియో తేలలేదు. దానికి ముఖమునకు ఎదురుగ తీసిన ఫోటో కావలెను. ఆ నాల్గవ పంక్తికి చోటు విడిచియుంచితిని. దానిని నింపువారు మీలో ఎవరైనను కావచ్చును.

పిల్లలారా, మీకు ఒక్క మాట. పుస్తకము చెప్పినదానికిని, కంటికి కనబడినదానికిని తేడా తోచినపుడు పెద్దలను అడుగుటకు జంకకుడు. పెద్దలారా, వారు అడిగినపుడు పత్రిక నుండి తల ఎత్తి చూచి చెప్పుడు.